పాత మరపడవకు అడుగు గొట్టములు, చుక్కాని బిగించుట

వ్యవసాయాధికారి, కోసిగి

కోసిగి పేరు చెప్పగానే మెట్టచేలు, పత్తి, వేరుశనగ, వానకై ఎదురుచూపు గుర్తుకు వచ్చును గాని పడవ గుర్తుకు రాదు. అయినను కోసిగికి ఉత్తరమున తుంగభద్ర పారుచున్నది. ఆవలి గట్టు కర్ణాటక రాష్ట్రములోని రాయచూరు జిల్లా. ఈ నదిని దాటుటకు మన పెద్దలు వెదురు బద్దలతో అల్లి, తోలు కప్పిన పుట్టిని వాడిరి. పుట్టికి అడుగున రంధ్రము లేదు, ఇంజను లేదు, చుక్కాని లేదు. తెడ్డు వేయువాని నేర్పే దానికి సర్వస్వము.

మరపడవ అట్టిది కాదు. దానికి అడుగున మూడు, నాలుగు రంధ్రములైనను ఉండి తీరవలెను. ఇంజనును చల్లబరచు నీరు ఒక దానిగుండా లోనికి వచ్చును. నీటిని త్రోయు పంకా ఇరుసు ఒక దానిగుండా వెలికి పోవును. చుక్కాని కడ్డీ మరియొక దానిలో తిరుగును. ఈ రంధ్రములు బాగుగా ఉన్నంతవరకు పడవ మనలను మోయును. అందులో ఒకటి చెడిన, నదిని దాటించవలసిన పడవయే నది అడుగునకు చేరును.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరము మునిగిన సంగతి రైతు సోదరులు మరచి యుండరు. మంత్రాలయములోను వరదనీరు నిలిచినది. అట్టి దినమున ఇంటి కప్పుపై చిక్కుకొన్న వారికి పడవయే దిక్కు. కాని ఏటి ఒడ్డు పల్లెలకు చేరు మరపడవ క్రొత్తదిగా ఉండుట అరుదు. ఇంకొకచోట వాడి, రంగు వెలిసిన తరువాత మన చేతికి వచ్చును. దానిని మరల నీటికి సిద్ధపరచువారు ఇంజను శబ్దము విని తృప్తి పడుచున్నారు గాని, అడుగు గొట్టములను, చుక్కానిని వంగి చూచువారు తక్కువ. కావున వానిని గురించి ఈ వ్యాసములో వివరింతుము.

మన ఎండ, మన పడవ

సముద్రతీరమున పడవ ఏడాది పొడుగున నీటిలో ఉండును. దానికి శత్రువు ఉప్పునీరు. మన ప్రాంతమున తుంగభద్ర నిండుగా ప్రవహించునది ముఖ్యముగా జులై నుండి అక్టోబరు వరకే. తక్కిన నెలలలో పడవ ఒడ్డున బోర్లించియో, వేపచెట్టు క్రింద దిమ్మెలపై ఉంచియో ఉందురు. కాబట్టి మన పడవను చెడగొట్టునది నీటికంటె ఎండయే.

ఎండకు కర్ర పలకలు కుంచించుకొని అతుకులు విచ్చుకొనును. గొట్టము చుట్టు పూసిన ముద్ద ఎండి పగులును. రబ్బరు గొట్టములు గట్టిపడి, వంచిన చీలును. వాడని వాల్వు పిడి పట్టివేయును. ఇవి అన్నియు పడవ పనిచేయునపుడు గాక, ఊరక ఉన్నపుడే జరుగును. వరద వచ్చిన దినమున తొందరపడి నీటిలోనికి త్రోసినపుడు బయటపడును. ఆ సమయమున బాగుచేయుటకు వ్యవధి ఉండదు.

అడుగు గొట్టము చెరువు తూము వంటిది

చెరువు కట్టకు తూము ఎట్టిదో, పడవకు అడుగు గొట్టము అట్టిది. తూము గొట్టము పగిలి చెరువు తెగుట అరుదు. గొట్టమునకు, మట్టికి నడుమ నీరు సన్నగా దారి చేసికొని, బుంగ పడి, అది గండిగా మారును. పడవలోను ఇంతియే. గొట్టము కంటె, గొట్టమును పట్టియున్న కర్ర లేక గోడ ముందుగా మెత్తబడును. క్రొత్త గొట్టమును కుళ్ళిన కర్రకు బిగించుట, గుల్లబారిన కట్టలో క్రొత్త తూము పెట్టినట్లే.

రంధ్రము చిన్నదే కదా యని అనుకొనరాదు. నీటి మట్టమునకు 2 అడుగుల క్రింద 1 అంగుళము వెడల్పుగల రంధ్రము తెరచుకొన్న, నిమిషమునకు సుమారు 60 లీటర్ల నీరు లోనికి వచ్చును. ఒక గంటలో 3,600 లీటర్లు, అనగా 45 కిలోల యూరియా బస్తాలు 80 పడవలో వేసినంత బరువు. రంధ్రము 2 అంగుళములైన నీరు రెండింతలు గాక నాలుగింతలు వచ్చును. నిమిషమునకు 240 లీటర్లు చేతి బకెట్టుతో తోడి పోయుట ఒక మనిషికి సాధ్యము కాదు.

ఇంకొక విషయము. నీటి క్రింద నున్న ప్రతి దారికిని మూత ఉండవలెను. ఆ మూత చెడినపుడు వేయుటకు రెండవ మూత సిద్ధముగా ఉండవలెను. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్టకు గల 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. వారము దినముల పాటు నీరు వృథాగా పోయిన తరువాత, ఆ ఖాళీలో ఉక్కు పలకలు దింపి అడ్డు వేయగలిగిరి. పడవలో మనకు వారము కాదు, కొద్ది నిమిషములే ఉండును.

పాత గోడను పరీక్షించుట

పని ప్రారంభించుటకు ముందు పడవను ఒడ్డునకు చేర్చి, వెన్నుదూలము క్రింద దిమ్మెలు పెట్టి, ప్రక్కలకు పోట్లు ఇచ్చి నిలబెట్టవలెను. ఇంజను, సామాను తీసివేసి, అడుగున చేరిన నూనె, బురద కడిగి ఆరనీయవలెను. తరువాత ఈ క్రింది విధముగా చూడవలెను.

కర్ర పడవ: పాత గొట్టముల చుట్టు జానెడు దూరము వరకు దబ్బనముతో పొడిచి చూడవలెను. మంచి కర్ర దబ్బనమును అడ్డగించును. కుళ్ళిన కర్రలో అది మెత్తగా దిగును. చిన్న సుత్తితో తట్టిన, గట్టి కర్ర గణగణ మ్రోగును. చెడిన కర్ర బొదబొద మనును. కుళ్ళిన మేర కోసివేసి, ఎండిన మంచి కర్రతో అతుకు వేయవలెను. పైన రంగు పూసి కప్పుట పనికిరాదు.

ఫైబరు పడవ: కొన్ని ఫైబరు పడవల గోడలో రెండు పొరల నడుమ కర్ర గాని, మెత్తని దిండు వంటి పదార్థము గాని ఉండును. రంధ్రపు అంచున ఆ లోపలి పొర కనబడిన, నీరు దానిలో ప్రాకి గోడను కుళ్ళబెట్టును. అట్టిచోట అంచు చుట్టు అర అంగుళము లోతున ఆ పొరను తొలిచివేసి, ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడిన తరువాతనే గొట్టము పెట్టవలెను.

ఇనుప పడవ: తుప్పును గీకి, సుత్తితో తట్టి రేకు మందము తెలిసికొనవలెను. పలుచబడిన చోట రంధ్రము చేయరాదు. మంచి రేకు వేసి వెల్డింగు చేయించిన పిమ్మట, మందపు గొట్టపు ముక్కను దానికి వెల్డింగు చేయుట మేలు.

పాత బోల్టులను పైచూపునకు నమ్మరాదు. తల, నట్టు మెరయుచుండవచ్చును. కర్రలో దాగిన నడుము మాత్రము పెన్సిలు వలె సన్నగిల్లి యుండును. స్టెయిన్‌లెస్ బోల్టులు కూడ గాలి తగలని తడి కర్రలో లోలోపల తినబడును. కనుక ప్రతి అమరికకు ఒక బోల్టునైనను బయటికి తీసి చూడవలెను. అది చెడియున్న, తక్కినవి కూడ చెడినవనియే ఎంచి అన్నియు మార్చవలెను.

సరియైన లోహము, సరియైన మర

బోరుకు మిగిలిన పి.వి.సి. ముక్క, పంపుసెట్టుకు వాడిన జి.ఐ. నిప్పిలు ఇంటిలో ఉన్నవి గదా యని వానినే పడవ అడుగున బిగించుట కొందరి అలవాటు. పి.వి.సి. ఎండకు పెళుసెక్కును, ఇంజను వేడికి మెత్తబడును. కాలు తగిలిన విరుగును. జి.ఐ. నిప్పిలు మరల వద్ద తుప్పుపట్టి, ఒకనాడు చేతితోనే ఊడివచ్చును. నీటి మట్టమునకు దిగువన ఈ రెండును వాడరాదు. కంచు గొట్టములు శ్రేష్ఠము. పడవల కొరకే తయారు చేసిన, గాజు నార కలిపిన నైలాను గొట్టములు కూడ మంచివే. సామాన్యమైన ఇత్తడిలో తుత్తునాగము ఉండుటచే, అది క్రమముగా కరగిపోయి, మిగిలిన రాగి గుల్లబారును. అట్టి ఇత్తడిని గీకిన గులాబి రంగు కనబడును. ఆ గుర్తు కనబడిన వస్తువును మరల బిగించరాదు.

రెండు వేరు లోహములు తడిలో తాకియున్న ఒకటి రెండవదానిని తినును. ఇనుప పడవకు కంచు వాల్వు పెట్టవలసి వచ్చిన, నడుమ రబ్బరు లేక ఫైబరు వాషరు, బోల్టులకు ప్లాస్టిక్ తొడుగులు వేయవలెను. అల్యూమినియము పడవకు రాగి, ఇత్తడి, కంచు తగులనీయరాదు. ఇరుసునకు, చుక్కానికి తగిలించు త్యాగపు దిమ్మ విషయములో, సముద్రమునకు తుత్తునాగము వాడుదురు. మన నదుల మంచినీటికి మెగ్నీషియము తగినది.

మరల విషయము చాల మంది గమనించరు. గొట్టపు మరలలో తిన్నని మర, కోసు మర అని రెండు రకములు కలవు. అడుగు గొట్టములకు సాధారణముగా తిన్నని మర ఉండును. బజారులో దొరకు వాల్వులకు తరచుగా కోసు మర ఉండును. ఒకదానిపై ఒకటి ఎక్కించిన రెండు, మూడు చుట్లు మాత్రమే పట్టి, బిగిసినట్లు కనబడును. అది బిగువు కాదు. రెండింటికి ఒకే రకము మర ఉన్నదని, కనీసము ఐదారు చుట్లు తేలికగా తిరుగుచున్నవని ముద్ద పూయకముందే చూచుకొనవలెను.

బలము ఎంత ఉండవలెను? అమెరికాలో చిన్న పడవలకు అనుసరించు ప్రమాణము ప్రకారము, అడుగు వాల్వు లోపలి కొనపై 500 పౌండ్లు, అనగా సుమారు 227 కిలోల బరువు 30 సెకనులు మోపినను అది కదలరాదు, కారరాదు. అది ఐదు యూరియా బస్తాల బరువు. బస్తాలు దించునపుడు ఒకటి జారి వాల్వుపై పడుట మన పడవలలో వింత కాదు. కనుక ఆ ప్రమాణము మనకును తగినదే.

గొట్టము బిగించు విధము

1. స్థలము: ఇంజనుకు దగ్గరగా, పంకాకు ముందువైపున, చేయి చక్కగా అందుచోట ఉండవలెను. పలకల అతుకులపై గాని, అడ్డు దూలములకు ఆనించి గాని రంధ్రము చేయరాదు. పడవ ప్రక్కకు ఒరిగినను గాలి పీల్చకుండునంత లోతున ఉండవలెను.

2. ఆనుడు దిమ్మ: లోపలివైపున టేకు లేక మేలిరకపు ప్లైవుడ్డుతో, వాల్వు పీఠము కంటె అన్నివైపుల రెండు అంగుళములు పెద్దదిగా దిమ్మ తయారు చేయవలెను. పడవ అడుగు వంపునకు సరిగా చెక్కి, అంచులకు ఎపాక్సీ పూసి అతికించవలెను. పైముఖము గొట్టమునకు సరియైన మూలమట్టములో ఉండవలెను. వాలుగా ఉన్న నట్టు ఒకవైపే పట్టును.

3. రంధ్రము: ముందు బయటినుండి సన్నని బిట్టుతో ఒక గురుతు రంధ్రము చేసి, అది లోపల ఎచ్చట తేలునో చూడవలెను. తరువాత గుండ్రని రంపపు బిట్టుతో సగము బయటినుండి, సగము లోపలినుండి కోసిన అంచులు చీలవు. గొట్టము వదులు లేకుండ జారునంత మాత్రమే వెడల్పు ఉండవలెను.

4. పొడి కూర్పు: ముద్ద పూయకుండ అన్నిటిని ఒకసారి అమర్చి, వాల్వు పిడి పూర్తిగా తిరుగుచున్నదో లేదో చూచి, మరల విప్పవలెను.

5. ముద్ద: నీటి క్రింద వాడదగిన పాలీయురిథేన్ సీలెంటును గొట్టపు అంచు క్రింద, మరలపైన, దిమ్మ క్రింద ధారాళముగా పూయవలెను. పాత కాలపు సీసపు ముద్ద విషపూరితము; దానిని వాడవద్దు. ముద్ద చుట్టును సమముగా ఉబికి వచ్చువరకు బిగించి ఆపవలెను. బలము కొలది బిగించిన ముద్ద అంతయు బయటికి పోయి, ఎండిన లోహము, ఎండిన కర్ర మాత్రమే మిగులును. ఆరుటకు డబ్బాపై చెప్పిన వ్యవధి ఇవ్వవలెను.

6. వాల్వు: పిడిని పావు చుట్టు త్రిప్పిన మూసికొను బాల్ వాల్వు మంచిది. పిడి గొట్టము వెంట ఉన్న తెరచినట్లు, అడ్డముగా ఉన్న మూసినట్లు కంటికి తెలియును. గేటు వాల్వులో చిన్న రాయి చిక్కినను పూర్తిగా మూతపడదు. మూసినదో లేదో పైనుండి తెలియదు.

7. రబ్బరు గొట్టము: పీల్పునకు ముడుచుకొనని, లోపల తీగ చుట్టిన గొట్టమునే వాడవలెను. వాల్వు కొనకు స్టెయిన్‌లెస్ క్లిప్పులు రెండు, వాని మరలు ఎదురెదురుగా ఉండునట్లు బిగించవలెను. వరదనీటిలో ఇసుక, ఒండ్రు ఎక్కువ. కనుక బయట జల్లెడతో పాటు లోపల విప్పి కడుగదగిన జల్లెడ ఒకటి ఉండవలెను. లేనిచో ఇంజను నీటిపంపు త్వరలో అరిగిపోవును.

8. బిరడా: మెత్తని కర్రను కోసుగా చెక్కి, ఆ రంధ్రమునకు సరిపడు బిరడాను ప్రతి వాల్వునకు దారముతో కట్టి ఉంచవలెను. ఇదియే పైన చెప్పిన రెండవ మూత. చీకటిలో, నీటిలో, కంగారులో వెదకుకొన వీలుండదు. చేతికి తగులుచోటనే ఉండవలెను.

పని ముగిసిన తరువాత వాల్వును మూసి పోవుట మంచి అలవాటు. మూసిన సంగతి మరచి మరునాడు ఇంజను నడిపిన అది వేడెక్కి పాడగును. దీనికి సులువైన ఉపాయము కలదు. ఇంజను త్రిప్పు హ్యాండిలును గాని, తాళపు చెవిని గాని మూసిన వాల్వు పిడికే తగిలించి పోవలెను. హ్యాండిలు కొరకు చేయి చాచినవానికి వాల్వు తానే గుర్తుకు వచ్చును.

ఇరుసు గొట్టము

పంకా ఇరుసు బయటికి పోవుచోట నుండు గ్లాండు, మన బావులపై సెంట్రిఫ్యూగల్ పంపునకు ఉండు గ్లాండు వంటిదే. చతురస్రపు ప్యాకింగు తాడును ఇరుసు చుట్టు ఒక చుట్టునకు సరిపోవునట్లు ముక్కలుగా కోసి, అతుకులు ఒకదానిపై ఒకటి రాకుండ మార్చి మార్చి వేయవలెను. ఒకే పొడవు తాడును చుట్టచుట్టి దూర్చుట తప్పు. ఇరుసు తిరుగునపుడు నిమిషమునకు రెండు, మూడు చుక్కలు కారుట మంచిది; ఆ తడియే ఇరుసును చల్లబరచును. ఒక్క చుక్కయు రాకుండ బిగించిన ఇరుసు కాలి గాడి పడును. చేయి పెట్టి చూచిన గోరువెచ్చగా ఉండవచ్చును గాని కాలరాదు. ఇంజను ఆపిన పిమ్మట కారుట ఆగవలెను.

చుక్కాని

మేడి పట్టినవాని చేతి వాటమును బట్టి సాలు పోవును. పడవకు మేడి చుక్కాని. అయితే నాగలి భూమిని పట్టుకొని పోవును. చుక్కాని నీటి ప్రవాహమును త్రోసి పడవను త్రిప్పును. పంకా త్రోసిన నీరు చుక్కాని రెక్కపై పడునట్లు, పంకాకు వెనుకనే దానిని అమర్చవలెను. ఇంజను ఆపిన వెంటనే చుక్కాని బలము చాల తగ్గునని సరంగు ఎరిగి యుండవలెను.

రెక్క పరిమాణము: మెల్లగా పోవు బరువు పడవకు, నీటి మట్టము వద్ద పొడవును పడవ మునక లోతుతో గుణించి, వచ్చినదానిలో నూటికి 5 వంతులు రెక్క వైశాల్యముగా పెట్టుకొనవచ్చును. ఉదాహరణకు పొడవు 7 మీటర్లు, మునక అర మీటరు అయిన 3.5 చదరపు మీటర్లు వచ్చును. దానిలో 5 వంతులు 0.175 చదరపు మీటరు. అనగా 45 సెంటీమీటర్ల ఎత్తు, 39 సెంటీమీటర్ల వెడల్పు గల రెక్క. వేగముగా పోవు పడవకు ఇంతకంటె చిన్నది చాలును.

కడ్డీ స్థానము: కడ్డీని రెక్క ముందు అంచుననే పెట్టిన త్రిప్పుటకు చేతికి బరువగును. వెడల్పులో ఆరవ వంతు కడ్డీకి ముందుండునట్లు పెట్టిన, నీరే కొంత సహాయపడును. పై లెక్కలో అది 6.5 సెంటీమీటర్లు. మరీ ఎక్కువ ముందుకు వదిలిన, రెక్క తానే ఒకవైపు తిరిగి చేతిని లాగును.

గొట్టము: కడ్డీ పడవలోనికి వచ్చు గొట్టమును, నిండు బరువుతో మునిగిన మట్టము కంటె పైవరకు తెచ్చిన అన్నివిధముల క్షేమము. అప్పుడు అందు ప్యాకింగు చెడినను నీరు లోనికి రాదు. ఈ మట్టమును ఊహించరాదు. పడవలో ఎక్కు మనుషుల బరువునకు సరిపడ ఇసుక బస్తాలు వేసి, బయట గీత పెట్టి, ఆ గీతనుబట్టి కొలవవలెను. స్థలము చాలక గొట్టము పొట్టిదైన, ఇరుసునకు వలె దీనికిని గ్లాండు తప్పనిసరి. గొట్టపు పీఠమునకు ఆనుడు దిమ్మ, ముద్ద, ఆరుపారు బోల్టులు పైన చెప్పినట్లే. కడ్డీ పైకొనకు మరొక ఆధారము లేనిచో బరువంతయు అడుగు పలకపై పడి, కొలది కాలములోనే అది విచ్చును.

అడుగు ఆసరా: తుంగభద్రలో ఇసుక మేటలు, బండలు అధికము. రెక్క వెన్నుదూలము కంటె క్రిందికి దిగరాదు. దూలము చివరినుండి వెనుకకు ఒక ఇనుప పట్టీని పొడిగించి, దానిపై కడ్డీ అడుగుకొన తిరుగునట్లు చేసిన, బండ తగిలినపుడు దెబ్బ పట్టీకి తగులును గాని కడ్డీ వంగదు. ఆ పట్టీయే పంకాను కూడ కాపాడును.

హద్దులు: రెక్క ఇరువైపుల 35 డిగ్రీలకు మించి తిరుగరాదు. అంతకు మించిన త్రిప్పు పడవను మళ్ళించదు, అడ్డుపడి ఆపును. అందుకై లోపల గట్టి అడ్డుకర్రలు పెట్టవలెను. వేగము రెండింతలైన రెక్కపై ఒత్తిడి నాలుగింతలగును. కాబట్టి పాత కడ్డీతోనే పెద్ద ఇంజను పెట్టువారు దీనిని ఆలోచించవలెను.

మరికొన్ని జాగ్రత్తలు: ప్రతి నట్టునకు స్ప్లిట్ పిన్ను గాని, రెండవ నట్టు గాని ఉండవలెను. ఇంజను అదురునకు ఒంటి నట్టు వదులగును. ఇరుసును ఎప్పుడైన బయటికి లాగవలసి వచ్చును గనుక, చుక్కానిని ఒక ప్రక్కకు కొద్దిగా జరిపి పెట్టుటయో, తేలికగా ఊడదీయునట్లు చేయుటయో ముందే ఆలోచించవలెను. స్టీరింగు తాళ్ళు తెగినపుడు వాడుటకు కడ్డీ పైకొనను చదరముగా చేయించి, దానికి సరిపడు గొట్టపు పిడిని పడవలోనే ఉంచవలెను.

నీటిలో దించు దినము

ఎండిన కర్ర పడవ అతుకులలో నారను బలవంతముగా క్రిక్కిరియ కూరరాదు. నీటిలో పలకలు ఉబ్బినపుడు చోటు లేక మేకులు వదులగును. నారను మెత్తగా దూర్చి, గుగ్గిలము పూసి, దించుటకు ముందు కొన్ని దినములు తడి గోనెపట్టలు కప్పి ఉంచిన పలకలు కొంత కలిసికొనును. పిదప లోతు తక్కువ చోట కట్టి ఒకటి రెండు దినములు ఉంచవలెను. అతుకుల కారుట తగ్గుచు పోవును. గొట్టముల వద్ద కారుట మాత్రము తనంతట తగ్గదు. అట్టిది కనబడిన పడవను ఒడ్డునకు లాగి బాగుచేయవలెను.

దించిన వెంటనే ప్రతి గొట్టము చుట్టు పొడిగుడ్డతో తుడిచి, అయిదు నిమిషముల తరువాత వ్రేలితో తడిమి చూడవలెను. గంట గడచిన పిమ్మట ఒకసారి, మరునాడు ఉదయము ఒకసారి చూడవలెను. ఇంజను నడిపి, కట్టు తాడు విప్పకుండ చుక్కానిని ఆ కొసనుండి ఈ కొసకు త్రిప్పవలెను. ఇవన్నియు సరిగా ఉన్న తరువాతనే, మొదట ఖాళీగాను, పిదప ఇసుక బస్తాలతోను నడిపి చూచి, అటుపిమ్మట మనుషులను ఎక్కించవలెను.

కార్తెల వారీగా చేయవలసినది

ఉగాది వెళ్ళిన తరువాత పడవను పందిరి క్రిందికి చేర్చి, ఎండ నేరుగా తగులకుండ కప్పవలెను. నెలకు ఒకసారి ప్రతి వాల్వును మూసి తెరువవలెను. భరణి, కృత్తిక కార్తెలలో అడుగు పరీక్ష, అతుకుల పని ముగించవలెను. రోహిణి కార్తెలో రబ్బరు గొట్టములను వంచి చూచి, పగుళ్ళు ఉన్నవానిని మార్చి, గ్లాండునకు క్రొత్త ప్యాకింగు వేయవలెను. మృగశిర ప్రవేశించు నాటికి పడవ నీటికి సిద్ధముగా ఉండవలెను. విత్తనము, గొర్రు సిద్ధము చేసికొను కాలమే ఇదియు గనుక, మరచిపోవుటకు వీలులేదు.

గ్రామోద్యోగులకు మనవి

ఇంజనుతో నడచు పడవలు 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము క్రిందికి వచ్చును. రిజిస్ట్రేషను, తనిఖీ పత్రము లేని పడవలో జనమును ఎక్కించుట నేరము. గ్రామములో పడవ ఉన్నచో, దానికి ఒక పుస్తకము తెరచి, ఎన్ని అడుగు గొట్టములున్నవి, ఎచ్చట ఉన్నవి, ఎప్పుడు విప్పి చూచిరి, ఎప్పుడు ప్యాకింగు మార్చిరి అనునది వ్రాయించవలెను. గొట్టముల స్థానములను చూపు పటమును పడవ లోపలనే అతికించుట మంచిది. వరద రాత్రి పడవ నడుపువాడు దానికి క్రొత్తవాడు కావచ్చును. ఎక్కువారికి సరిపడ లైఫ్ జాకెట్లు, నీటిని తోడు పంపు ఉన్నవో లేవో జూన్ నెలలోనే చూచుకొనవలెను. ఎందరు ఎక్కవచ్చునో పడవ ప్రక్కన పెద్ద అక్షరములతో వ్రాయించవలెను.

రైతు సోదరులారా! మన బావిపై ఇంజను ఆగిన ఒక తడి పోవును, మరునాడు పెట్టుకొనవచ్చును. నది నడుమ గొట్టము ఊడిన మరునాడు లేదు. ఊరిలో పాత పడవ ఉన్నచో ఈ వేసవిలోనే దానిని బోర్లించి, దబ్బనము తీసికొని, గొట్టముల చుట్టు ఒకమారు పొడిచి చూడుడు. సందేహము కలిగినచోట అనుభవము గల పడవ మేస్త్రీని పిలిపించి చూపుడు.